చిక్కు చర్మం వైపే ఎందుకు పాకుతుంది

మీ ఇంట్లో షీట్జూనో లాసా ఆప్సోనో ఉంటే, దాని చెవి వెనక వేళ్లు పెట్టి చూడండి. పైన బొచ్చు నున్నగా జారిపోతుంది. ఇంకాస్త లోపలికి వెళితే చర్మాన్ని ఆనుకొని గట్టిగా ఓ ఉండ తగలవచ్చు. అక్కడ లేకపోతే ముందుకాళ్ల చంకల్లో చూడండి. కాలర్ కింద, గజ్జల్లో, తొడల వెనక, తోక మొదట్లో, కాలివేళ్ల సందుల్లో చూడండి. పొడుగు బొచ్చు కుక్క ఏ జాతిదైనా చిక్కులు పుట్టే చోట్లు దాదాపు ఇవే. కాలర్ రాసుకునే చోటు, నడిచేటప్పుడు కాలు ఒంటికి రాసుకునే చోటు, పడుకుంటే నేలకు రాసుకునే చోటు, దురదపుట్టి గోక్కునే చోటు, పదే పదే నాక్కునే చోటు. ఒరిపిడి అంతగా లేని నడివీపు మీద ఉండలు తక్కువ.

"రోజూ దువ్వుతూనే ఉన్నామండీ, ఇదెప్పుడు కట్టింది?" కుక్కలకు గ్రూమింగ్ చేసేవాళ్లు తరచూ వినే మాట ఇది. అడిగినవాళ్లు అబద్ధమాడటం లేదు. నిజంగానే దువ్వారు. బ్రష్ పై బొచ్చు మీదుగా పోయింది, అడుగున ఉన్న నూగును తాకలేదు. అయితే అది సగం జవాబే. బొచ్చులో ఒకసారి పడ్డ చిక్కు దానంతటది వదులు కాదు. కుక్క కదిలినకొద్దీ బిగుస్తుంది, బిగిసినకొద్దీ చర్మానికి దగ్గరవుతుంది. ఎందుకిలా ఒకే దిక్కుకు నడుస్తుందో అర్థమైతే, దువ్వెన ఎక్కడ పెట్టి మొదలుపెట్టాలో, ఎప్పుడు నీళ్లు పోయకూడదో, ఎప్పుడు దువ్వెన పక్కనపెట్టి ట్రిమ్మర్ అందుకోవాలో ఒకరు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

వెంట్రుక అంటే కెరటిన్ అనే ప్రోటీన్ నిండిన మృతకణాల పోగు. నడిమధ్యన మెడుల్లా, దాని చుట్టూ బలాన్నిచ్చే కార్టెక్స్, అన్నిటికన్నా పైన క్యూటికిల్. మనకు కావలసింది ఈ క్యూటికిలే. అది నున్నటి గొట్టం కాదు, పలచని పొలుసుల వరుస. ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒక పొలుసు అంచు మరో పొలుసు మీదికి వచ్చి ఉంటుంది. ఆ అంచులన్నీ కొస వైపే తిరిగి ఉంటాయి.

దీన్ని మీ చేతుల్లోనే చూసుకోవచ్చు. పొడవైన తలవెంట్రుక ఒకటి తీసుకోండి. ఏది కుదురో, ఏది కొసో గుర్తుపెట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని, రెండు వేళ్లనూ వెంట్రుక పొడవునా ముందుకూ వెనక్కూ రుద్దండి. మీరు రెండు దిక్కులా సమానంగానే రుద్దుతారు. వెంట్రుక మాత్రం ఒకే దిక్కుగా, కుదురు ముందు, కొస వెనకగా జరిగిపోతుంది. తిప్పి పట్టుకుంటే ప్రయాణం కూడా తిరగబడుతుంది. కుదురు వైపు జరగడానికి పొలుసులు అడ్డురావు. కొస వైపు జరగబోతే వాటి అంచులు పక్కనున్నదాన్ని పట్టుకుంటాయి. అటూ ఇటూ ఎంత ఊగినా చివరికి మిగిలేది కుదురు వైపు ప్రయాణమే.

ఉన్నిని ఒత్తి దట్టమైన బట్టగా మార్చే విద్య అంతా ఈ పొలుసుల మీదే నిలబడింది. కశ్మీరులో నమదా అనే ఉన్ని పరుపు చేస్తారు. తెలంగాణ గొంగడిని దక్కనీ గొర్రెల ఉన్ని వడికి మగ్గం మీద నేస్తారు. నమదాకు వడకడమూ లేదు, నేతా లేదు. ఉన్నిని పొరలుపొరలుగా పరిచి, సబ్బు నీళ్లు చల్లి, చుట్టగా చుట్టి, ఒత్తుతూ దొర్లిస్తారు. ప్రతి ఒత్తిడికీ ప్రతి పోగూ తన కుదురు వైపు కొంచెం జరుగుతుంది, పక్క పోగుల మధ్యకు దూరుతుంది, మళ్లీ వెనక్కి రాలేదు. చివరికి ఒక్క దారం లేకుండానే గట్టి పరుపు తయారవుతుంది. పొలుసులున్న వెంట్రుకలు, తడి, సబ్బు, ఒత్తిడితో కూడిన ఒరిపిడి ఉంటే చాలు. పొడుగు బొచ్చు కుక్కను చిక్కు తీయకుండానే స్నానానికి కూర్చోబెట్టి, సబ్బు రాసి, తర్వాత తువ్వాలుతో గట్టిగా రుద్దితే అవన్నీ ఒకచోట చేరినట్టే.

ఇక్కడ ఒక సందేహం రావాలి. నమదాలోది గొర్రె మీంచి కత్తిరించిన ఉన్ని, ఎటైనా పాకగలదు. కుక్క వెంట్రుక చర్మంలో పాతుకుని ఉంది కదా, అదెలా పాకుతుంది?

పాకేది పాతుకున్న వెంట్రుక కాదు, ఊడిన వెంట్రుక. కుక్క చర్మంలో ఒక్కో రంధ్రం నుంచి ఒక వెంట్రుకల కట్టే మొలుస్తుంది. కాస్త లావుగా, నిటారుగా ఉండే పై వెంట్రుక ఒకటి, దాని చుట్టూ సన్నటి, మెత్తటి నూగు వెంట్రుకలు 5 నుంచి 20 దాకా. ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరుగుతుంది, ఆగుతుంది, విశ్రాంతి దశలో ఉండి ఊడిపోతుంది. పొట్టి బొచ్చు కుక్కలో ఊడిన నూగు నేరుగా నేల మీద, సోఫా మీద రాలుతుంది. పొడుగు బొచ్చులో దానికి బయటి దారి దూరం. మధ్యలోనే చిక్కుకుంటుంది. ఇక అప్పటినుంచి కుక్క వేసే ప్రతి అడుగూ, చేసే ప్రతి గోకుడూ దాన్ని కుదురు వైపు, అంటే చర్మం వైపు జరుపుతుంది. దారిలో నాలుగు బతికున్న వెంట్రుకలను చుట్టుకుంటుంది. తర్వాత ఊడినది దీన్ని చుట్టుకుంటుంది. చాలా ఉండలను ఓపిగ్గా విప్పి చూస్తే లోపలి సరుకు ఎక్కువగా ఈ ఊడిన నూగే. కాబట్టి చిక్కు తీయడమంటే ఉన్న బొచ్చులోంచి ఊడిన బొచ్చును బయటికి తీసుకురావడం. ఈ ఒక్క మాట పట్టుకుంటే పనిముట్ల గురించి, ధరల గురించి అంత తికమక ఉండదు.

స్పిట్జ్, హస్కీ, గోల్డెన్ రిట్రీవర్ వంటి జాతుల్లో ఏ సమయంలో చూసినా ఎక్కువ వెంట్రుకలు విశ్రాంతి దశలో ఉంటాయి. పగటి వెలుగు మారే కాలంలో గుత్తులు గుత్తులుగా ఊడతాయి. పూడుల్‌లో ఇందుకు భిన్నంగా ఎక్కువ వెంట్రుకలు పెరుగుదల దశలోనే ఉంటాయి, మన తల జుట్టు తీరు అది. తక్కువగా ఊడుతుంది, ఊడినది ఉంగరాల్లో ఇరుక్కుంటుంది. పూడుల్ కలగలిసిన పిల్లలను "అసలు బొచ్చు రాలదు" అని చెప్పి అమ్ముతుంటారు. కొనేవాళ్లకు అందులోని రెండో సగం ఎవరూ చెప్పరు: నేల మీద రాలని బొచ్చు కుక్క మీదే ఉండిపోతుంది. దాన్ని తీయాల్సింది ఇంట్లోవాళ్లే. ఆ సంగతి ముందే చెప్పి అమ్మితే ఎన్నో కుక్కలకు నొప్పి తప్పుతుంది.

బొచ్చులో ఇంత వైవిధ్యం ఉన్నా, దాని వెనక పెద్ద చిట్టా ఏమీ లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో ఎలేన్ ఆస్ట్రాండర్ బృందం 80 జాతులకు చెందిన వెయ్యికి పైగా కుక్కల జన్యువులను పరిశీలించి 2009లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బొచ్చు తీరులో కనిపించే తేడాల్లో అధిక భాగం మూడే మూడు జన్యువుల్లోని మార్పులతో వివరించవచ్చని తేలింది. ఎఫ్‌జీఎఫ్5 పొడవును నిర్ణయిస్తుంది, కేఆర్‌టీ71 ఉంగరాలను, ఆర్‌ఎస్‌పీఓ2 మీసాలూ గుబురు కనుబొమలనూ. ఎఫ్‌జీఎఫ్5 సహజంగా చేసే పని వెంట్రుకకు "ఇక చాలు, ఆగు" అని చెప్పడం. అది పాడైన కుక్కల్లో వెంట్రుక ఆగాల్సిన చోట ఆగక పొడుగైపోతుంది. మన వీధి కుక్కల్లో సాధారణంగా కనిపించేది ఆ కబురు సరిగ్గా అందుతున్న పొట్టి బొచ్చు. మురికిలో తిరిగినా, వానలో తడిసినా దానికి ఉండలు కట్టవు. మరొక వెంట్రుకను చుట్టుకునేంత పొడవు ఆ వెంట్రుకకు లేదు. చిక్కుకు మురికి సాయం చేస్తుంది కానీ మూలం అది కాదు.

పిల్లకుక్కకు మొదట్లో ఒక్కో రంధ్రానికి ఒక్కో వెంట్రుకే ఉంటుంది, నూగు కట్ట తర్వాత వస్తుంది. అందుకే చిన్నప్పుడు ఏ ఇబ్బందీ పెట్టని కుక్క, పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వచ్చే నెలల్లో హఠాత్తుగా ఒళ్లంతా చిక్కులు పడుతుంది. దువ్వెనంటే భయం పుట్టేదీ అప్పుడే. ఆ దశకు ముందే, చిక్కులే లేని రోజుల్లో, రోజూ రెండు నిమిషాలు దువ్వెన అలవాటు చేసిన కుక్క ఆ తర్వాత కదలకుండా పడుకుంటుంది.

ఇప్పుడు నీళ్ల సంగతి. మనిషి వెంట్రుక నీటిలో నానితే మందంలో సుమారు 15 శాతం ఉబ్బుతుంది, పొడవు ఒకటి రెండు శాతం మించి పెరగదు. కుక్క వెంట్రుకా అదే కెరటిన్. ఉబ్బిన పోగులు చిక్కు లోపల ఒకదాన్నొకటి మరింత ఒత్తుకుంటాయి. రెండో విషయం ఇంతకన్నా ముఖ్యం. వెంట్రుక ఆకారాన్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడిస్తే తెగుతాయి, ఆరితే మళ్లీ ఏర్పడతాయి. ఆరే సమయానికి వెంట్రుక ఎలా వంగి ఉంటే అలాగే నిలబడిపోతుంది. తడిపిన జుట్టును రోలర్లకు చుట్టి ఆరబెట్టి ఉంగరాలు తెప్పించేది ఈ సూత్రంతోనే. చిక్కుపడి తడిసి ఆరిన బొచ్చు చిక్కు ఆకారంలోనే గట్టిపడుతుంది. క్షారగుణం ఉన్న సబ్బుబిళ్ల అయితే పొలుసుల అంచులను పైకి లేపి పని పూర్తిచేస్తుంది. కాబట్టి వరుస ఎప్పుడూ ఇదే: ముందు దువ్వడం, తర్వాత స్నానం, తర్వాత అడుగుదాకా ఆరబెట్టడం, ఆరబెడుతూనే మళ్లీ దువ్వడం. తువ్వాలుతో రుద్దకూడదు, అద్ది నీళ్లు పీల్చాలి. వానాకాలంలో నడకకు వెళ్లి తడిసి వచ్చిన కుక్కదీ, విశాఖ బీచ్‌లో అలల్లో ఆడి వచ్చిన కుక్కదీ ఇదే సంగతి. పై బొచ్చు గంటలో ఆరినట్టు కనిపిస్తుంది, చంకల్లో నూగు మాత్రం రాత్రి దాకా తడిగానే ఉంటుంది.

ఉండలు పెద్దవై ఒకదానితో ఒకటి కలిసిపోతే బొచ్చు అట్ట కడుతుంది. అక్కడినుంచి అది అందానికి సంబంధించిన విషయం కాదు, నొప్పికి సంబంధించినది. కుక్క చర్మపు పైపొరలో కణాల వరుసలు మనకన్నా చాలా తక్కువ, మూడు నుంచి ఐదు. బొచ్చు కాపాడుతుందన్న భరోసాతో పలచగా ఉన్న చర్మం అది. చంకలో అట్ట కట్టిన కుక్క కాలు చాచిన ప్రతిసారీ చర్మం లాగుతుంది. కొన్ని కుక్కలు అడుగు కురచచేసి నడుస్తాయి. వయసైపోయిందనో కీళ్ల నొప్పులనో ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అట్ట తీసేసిన రోజున అది పరిగెత్తడం చూసి ఆశ్చర్యపోతారు. అట్ట కింద గాలి ఆడదు, చెమ్మ పోదు. చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫిలోకాకస్ సూడింటర్‌మీడియస్ బ్యాక్టీరియా, మలసేజియా అనే ఈస్టు ఆ వెచ్చదనంలో విపరీతంగా పెరుగుతాయి. చర్మం ఎర్రబారి రసి కారుతుంది. పిడుదులు, కొన్ని చోట్ల గోమార్లు అంటారు, మందు వేసినా అట్ట చాటున బతికిపోతాయి. తోక కింద మలమూత్రాలు అంటి అట్టకడితే ఈగలు వాలి గుడ్లు పెడతాయి. పైకి బొచ్చు మామూలుగానే కనబడుతూ లోపల పురుగులు పట్టడం మన వాతావరణంలో పశువైద్యులు చూసే విషయమే. వాసన మారిందంటే, కుక్క ఒకే చోట వదలకుండా నాకుతోందంటే, ఆ చోట బొచ్చు విడదీసి చర్మం కనబడేదాకా చూడాలి.

హంగేరీలో పూలీ, కొమొండోర్ అని రెండు జాతులున్నాయి. పూలీ గొర్రెలను తోలుతుంది, కొమొండోర్ మందను కాస్తుంది. వాటి బొచ్చు జడలు జడలుగా వేలాడుతుంది. అది కావాలని కట్టనిచ్చిన చిక్కే. మెత్తటి నూగు, గరుకు పై బొచ్చు కలిసి పెనవేసుకుంటాయి. కానీ పెంచేవాళ్లు ఊరికే వదిలేయరు. పిల్లకుక్కగా ఉన్నప్పటి నుంచీ ఏళ్ల తరబడి ఒక్కో జడను చర్మం దాకా చేత్తో చీల్చి, పక్క జడతో కలవకుండా చూస్తారు. స్నానం చేయిస్తే ఆరడానికి ఒక రోజుపైనే పట్టవచ్చు. జడల మధ్య చర్మానికి గాలి తగులుతుంది, చర్మం కదలిక ఆగదు. చిక్కు కుక్కను బాధపెట్టేది చర్మాన్ని నాలుగు వైపులా కలిపి కుట్టేసినప్పుడు. ఆ కలపడం జరగకుండా చూడటమే పూలీకైనా షీట్జూకైనా చేసే సేవ.

చిక్కు విప్పడానికి కూడా లెక్క ఉంది. మద్రాసు ఐఐటీలో చదివి హార్వర్డ్‌లో ఆచార్యుడైన ఎల్. మహదేవన్, ఆయన సహచరులు 2022లో దువ్వడం గురించి ఒక పరిశోధన ప్రచురించారు. ఒకదాన్నొకటి మెలివేసుకున్న రెండు పోగుల మధ్య ఒకే ఒక్క పంటిని నడిపి, ఎంత బలం పడుతోందో కొలిచారు. పన్ను కిందికి వస్తున్నకొద్దీ మెలికలు దాని ముందు జరుగుతూ కొస వైపు పోతాయి. కొస దాటితేనే అవి విడిపోతాయి. కుదురు దగ్గర మొదలుపెట్టి ఒక్క లాగు లాగితే దారిలోని మెలికలన్నీ పంటి ముందు పోగుపడి బిగుసుకుంటాయి. కొస దగ్గర కొంచెం దూరం దువ్వి, మెలికలను బయటికి పంపి, మరికొంచెం పైనుంచి మళ్లీ దువ్వడమే తక్కువ బలంతో అయ్యే పని. మన ఇళ్లలో అమ్మమ్మలు తల దువ్వేటప్పుడు చేసేది ఇదే. జడను పిడికిట్లో పట్టుకొని కింది కొస నుంచి మొదలుపెడతారు. ఆ పిడికిలి పట్టు కూడా శాస్త్రమే. లాగే బలం పిడికిలి దగ్గరే ఆగుతుంది, తలకు చేరదు.

కుక్కకూ అదే చేయాలి. ఉండకూ చర్మానికీ మధ్య బొచ్చును రెండు వేళ్లతో గట్టిగా పట్టుకోండి. లాగుడు మీ వేళ్లకు తెలియాలి, కుక్క చర్మానికి తెలియకూడదు. ఆ పట్టు లేకుండా దువ్వడం వల్లే కుక్కలు దువ్వెన కనబడగానే మంచం కిందికి దూరతాయి. తర్వాత చేతివేళ్లతోనే ఉండను చిన్న ముక్కలుగా చీల్చండి. చీల్చేది బొచ్చు పెరిగిన దిక్కున, నిలువునా. అడ్డంగా లాగితే ఉన్న వెంట్రుకలు తెగుతాయి. ఉండ మీద చిటికెడు కార్న్‌ఫ్లోర్ అద్దితే పోగుల మధ్య జారుడు పెరుగుతుంది, చెమ్మ ఉంటే అదీ పీలుస్తుంది. ఒక్కో ముక్కను కొస నుంచి, సన్నటి తీగలుండే స్లికర్ బ్రష్ మూలతో, తేలిక చేత్తో దువ్వండి. చివరికి ఇనుప దువ్వెన. స్లికర్ బ్రష్ అబద్ధం చెప్పగలదు, దువ్వెన చెప్పలేదు. పళ్ల మొదలు చర్మానికి ఆనించి కొసదాకా లాగితే ఎక్కడా తట్టుకోకుండా వస్తేనే అక్కడ పని అయినట్టు. స్లికర్ తీగలను ముందుగా మీ ముంజేతి లోపలి వైపు గీసి చూసుకోండి. మీకు మంటపుట్టే ఒత్తిడి కుక్క పలచని చర్మాన్ని ఎర్రగా గీరేస్తుంది. అది ఒక్కోసారి మర్నాటికి గానీ కనబడదు.

కొత్త చిక్కులు పడకుండా దువ్వే పద్ధతి ఇంకా తేలిక. బొచ్చును ఒక చేత్తో పైకి ఎత్తి పట్టి, కింద సన్నటి పాపిడి కనబడేలా చేసి, ఆ పాపిడి నుంచి ఒక వరుస కిందికి దువ్వి, పాపిడిని కొంచెం పైకి జరిపి మళ్లీ దువ్వడం. ఇలా పొట్ట నుంచి వీపు దాకా. ప్రతి వరుసలోనూ చర్మం కనబడుతుంది కాబట్టి పిడుదులూ కనబడతాయి, దద్దుర్లూ కనబడతాయి. రోజూ ఒళ్లంతా పైపైన దువ్వడం కన్నా రోజుకు ఒక భాగాన్ని ఇలా చేయడం ఎంతో మేలు. నడకలో హార్నెస్ తొడిగి, ఒరిపిడి తగ్గేలా ఇంటికి రాగానే విప్పేయడం కూడా దువ్వడంలో భాగమే అనుకోండి.

కండిషనర్ ఎందుకు పనిచేస్తుందో ఒక్క మాట. మామూలు నీళ్లలో వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది. కండిషనర్‌లోని అణువులకు ధనావేశం ఉన్న తల, కొవ్వు తోక ఉంటాయి. తలలు వెంట్రుకకు అతుక్కుంటాయి, తోకలు బయటికి నిలబడి పొలుసుల మీద జారుడు పొరను ఏర్పరుస్తాయి. కుక్కల కోసం తయారైన చిక్కుతీసే స్ప్రేలలో చాలావరకు ఈ పనే. మనుషుల స్ప్రేలు వాడకపోవడం మంచిది. కుక్క వాటిని నాకుతుంది, వాటిలో ఉండే అవకాశమున్న టీ ట్రీ నూనె, జైలిటాల్ దానికి విషం. మన ఇళ్లలో అందరికీ తోచేది కొబ్బరినూనె. అందులో తప్పేమీ లేదు. మనిషి వెంట్రుకల మీద రేలే, మొహిలే 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలాలతో పోలిస్తే కొబ్బరినూనె మాత్రమే వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది. స్నానానికి ముందు చిన్న చిక్కు మీద రెండు చుక్కలు రాసి వేళ్లతో విప్పవచ్చు. రాసి అలాగే వదిలేస్తే మాత్రం దుమ్ము అంటి మరునాటికి కొత్త ఉండకు పునాది పడుతుంది.

పొలాల్లో, ఖాళీ స్థలాల్లో తిరిగొచ్చే కుక్కకు ఉత్తరేణి గింజలూ మరులమాతంగి కాయలూ అంటుకుంటాయి. ఇవి పొలుసులతో కాదు, కొక్కేలతో పట్టుకునేవి. స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ డి మెస్ట్రల్ 1941లో ఆల్ప్స్‌లో తిరిగొచ్చాక తన దుస్తులకూ కుక్క బొచ్చుకూ అంటిన కాయలను మైక్రోస్కోపు కింద చూసే వెల్‌క్రోను ఊహించాడు. లాగితే కొక్కెం విడవదు, వెంట్రుకే తెగుతుంది. మరులమాతంగి కాయను పట్టకారుతో నొక్కి పగలగొట్టి ముక్కలుగా తీయాలి. ముళ్ల గడ్డి గింజలు మరింత ప్రమాదం. వాటి నూగు ముళ్లు కూడా ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి కాలివేళ్ల సందులోంచి చర్మంలోకి, చెవిలోకి పాకుతాయే తప్ప వెనక్కి రావు. నడక అయిన వెంటనే చూడాల్సిన చోట్లు ఆ రెండూ.

ఇక దువ్వెన పక్కన పెట్టాల్సిన సందర్భం. ఉండ అడుగున దువ్వెన పన్ను దూరే సందు లేకపోతే, వేలితో కదిపితే చర్మం కూడా దానితోపాటు కదిలితే, ఉండలు కలిసి అట్టయిపోతే, దువ్వి విప్పాలని పట్టుబట్టడం కుక్కను హింసించడమే. గంటల తరబడి లాగించుకున్న కుక్క జీవితాంతం ఆ భయం మరిచిపోదు. బొచ్చు పోతే మళ్లీ వస్తుంది. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. చాలామంది యజమానులు "గుండు వద్దు, ఎలాగైనా బొచ్చు ఉంచండి" అని బతిమాలుతారు. ఆ కోరికలోని ప్రేమ అర్థమవుతుంది, కానీ దాని ధర చెల్లించేది కుక్క.

తీసేది ట్రిమ్మర్‌తోనే, కత్తెరతో ఎన్నడూ కాదు. ఉండను పైకి లాగితే దాని కింద చర్మం గుడారంలా లేస్తుంది, బొచ్చులో అది కనబడదు. ఉండ కిందనే అనుకొని వేసిన కత్తెర చర్మాన్ని కోస్తుంది. ఇంట్లో జరిగి, పశువైద్యులు కుట్లు వేయాల్సి వచ్చే గాయాల్లో ఇలాంటివీ ఉంటాయి. ట్రిమ్మర్‌కు 10 నంబర్ బ్లేడు పెడతారు, అది సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు బొచ్చు మిగులుస్తుంది. బ్లేడును చర్మానికి చదునుగా ఆనించి, ఇంకో చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టి, ఉండకూ చర్మానికీ మధ్య మెల్లగా నడపాలి. చంక మడతలు, డొక్క దగ్గరి పలచని చర్మం, చనుమొనలు, వెనకకాలి మడమ పైన ఉండే స్నాయువు, చెవి అంచులు, తోక చివర జాగ్రత్తగా చూడాలి. బ్లేడు నడుస్తున్నకొద్దీ వేడెక్కుతుంది. కొన్ని నిమిషాలకోసారి మణికట్టుకు ఆనించి చూసి, మీకు వెచ్చగా అనిపిస్తే ఆపండి. ఒళ్లంతా అట్ట కట్టిన కుక్కకూ, ముసలిదానికీ, నొప్పితో కరవబోయేదానికీ ఈ పని పశువైద్యుడి దగ్గర, మత్తు ఇచ్చి చేయించడమే దయ.

అట్ట తీసిన తర్వాత కనిపించేవాటికి ముందే సిద్ధపడాలి. చర్మం ఎర్రగా, అక్కడక్కడా కమిలినట్టు ఉంటుంది. ఇన్నాళ్లూ లాగిపట్టి ఉన్న చోట రక్తప్రసరణ తిరిగి సాగుతుంది కాబట్టి దురద పుడుతుంది. చెవులకు వేలాడుతున్న బరువైన అట్ట తీసేశాక కుక్క తల విదిలిస్తూనే ఉంటే, చెవి డొప్పలో రక్తం చేరి ఉబ్బవచ్చు. అలా ఉబ్బితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఒకటి రెండు రోజులు చెవులను మెత్తటి బట్టతో వదులుగా తలకు కట్టి ఉంచే గ్రూమర్లు ఉన్నారు, మంచి అలవాటు. గుండు చేసిన ఒంటికి ఎండ తగిలితే కమిలిపోతుంది కాబట్టి పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక మాత్రమే నడకకు తీసుకెళ్లాలి.

షీట్జూ, పూడుల్ వంటివాటికి బొచ్చు ఆగకుండా పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ నిండుతుంది. స్పిట్జ్, హస్కీల్లో అలా కాదు. కుదుళ్లు విశ్రాంతి దశలో ఉన్నప్పుడు బొచ్చు తీసేస్తే మళ్లీ మొలవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ముందు నూగు వచ్చి, పై బొచ్చు వెనకబడి, ఒంటి రంగు కూడా తేడాగా కనిపిస్తుంది. అందుకే వేసవి వచ్చిందని, చిక్కు లేని హస్కీకి చల్లదనం కోసమని గుండు చేయించడం తగదు. ఊడిన నూగును అడుగుదాకా దువ్వి తీసేస్తే చాలు, బొచ్చు మధ్య గాలి ఆడుతుంది. గుండు తప్పనిసరైన స్పిట్జ్‌కు మాత్రం కొత్త నూగు వేలి కణుపంత రాగానే దువ్వెన మొదలుపెట్టాలి. పై బొచ్చు ఇంకా రాని ఆ నెలల్లో నూగు ఒక్కటే ఉంటుంది, ఉండ కట్టడానికి అంతకన్నా అనువైన బొచ్చు మరొకటి లేదు.